మెట్టెలు తీయించిన స్కానింగ్

రిటైరయ్యాక మా ఇంట్లో నా మీద ఒకటే ఫిర్యాదు. ఒక్క చోట కుదురుగా కూర్చోనట. నిజమే. ఉద్యోగమంతా ఎక్స్-రే గదిలో నిలబడి చేసినదాన్ని, ఇప్పుడు సోఫాలో కూర్చోమంటే కాళ్ళు ఊరుకోవు. టీవీ చూస్తూ చూస్తూ లేస్తాను. వీధి గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకొచ్చానో గుర్తురాక వెనక్కి వస్తాను. "పేషెంట్లెవరైనా వచ్చారేమో చూసొచ్చావా?" అని మా ఆయన పేపరు చాటునుంచి ఎగతాళి చేస్తారు. చెయ్యనివ్వండి. ఆయన బ్యాంకులో కూర్చుని రిటైరైన మనిషి.

ఈ మధ్య మా అక్క మనవరాలు రేడియాలజీ టెక్నీషియన్ కోర్సులో చేరింది. "అమ్మమ్మా, నీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి రాసివ్వవా, మా క్లాసులో చదువుతాం" అంది. హైవే మీద బస్సు బోల్తా పడిన రోజు గురించో, వరదల్లో పడవ మీద డ్యూటీకి వెళ్ళిన రోజు గురించో రాస్తాననుకుంది కాబోలు. అవి ఎవరైనా రాస్తారు. నేను రాస్తున్నది ఒక మాట గురించి. ఆ మాట స్కానింగ్.

పిల్లలూ, మన వైపు స్కానింగ్ కానిది లేదు. కడుపుతో ఉన్నవాళ్ళ పొట్ట మీద జెల్లీ రాసి చూసేదీ స్కానింగే. తలకి దెబ్బ తగిలితే తీసే సీటీ కూడా స్కానింగే. సొరంగంలోకి తోసి అరగంట పడుకోబెట్టే ఎమ్మారై కూడా స్కానింగే. మొదటిది శబ్ద తరంగాలతో పనిచేస్తుంది, చివరిది అయస్కాంతంతో పనిచేస్తుంది, మధ్యలో సీటీ ఒక్కటే ఎక్స్-రే కిరణాలు వాడుతుంది. ఈ తేడా జనానికి తెలియకపోతే తప్పులేదు. తెలియాల్సింది మనకి. మనమేమో చీటీ చేతిలో పెట్టి, "స్కానింగ్‌కి వెళ్ళండి" అనేసి తర్వాతి పేషెంటుని పిలుస్తాం.

మాటలతో నాకు మొదటినుంచీ తగువే. ఎక్స్-రే తీసేముందు ఆడవాళ్ళని గర్భం ఉందేమో అడగాలి కదా. నలుగురిలో అడిగితే సిగ్గుపడతారని మా వాళ్ళు "ఏమైనా విశేషమామ్మా?" అని అడిగేవారు. ఒకావిడ, "విశేషాలేముంటాయండీ, కోతలైపోయాయి, ధాన్యం ఇంకా కళ్ళంలోనే ఉంది" అంది. ఆ రోజు నుంచి నేను అత్తగార్లని బయట నిలబెట్టి, తలుపేసి, నెల తప్పిందా అని తిన్నగా అడగడం మొదలుపెట్టాను. దురుసు మనిషినని పేరొచ్చింది. ఎక్స్-రే అమ్మగారికి సిగ్గులేదని ఆయాలు నవ్వుకునేవారు. 

అసలు సంగతికి వస్తాను. నేను రిటైరవడానికి కాస్త ముందు మాట ఇది. అప్పుడు కోనసీమ అంచున ఒక ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాను. ఊరి పేరెందుకు లెండి. ఎక్స్-రే గది పక్కనే అల్ట్రాసౌండ్ గది. రేడియాలజిస్టు డాక్టరుగారు వారంలో రెండు రోజులు రాజమండ్రి నుంచి వచ్చేవారు. ఆ రోజుల్లో పేషెంట్లని పిలవడం, కాగితాలు నింపడం కూడా నా నెత్తినే ఉండేది. చిన్న వయసు డాక్టరుగారు, మా అబ్బాయి ఈడు. మంచివారే గానీ మహా నిదానం. నేను అటూ ఇటూ తిరుగుతుంటే, "మేడమ్, మీరు కాసేపు కూర్చుంటే నాకు కూడా స్థిమితంగా ఉంటుంది" అనేవారు.

ఆ రోజు ఆయన ఇంకా రాలేదు. గోదావరి వంతెన మీద లారీ అడ్డంగా ఆగిపోయిందని ఫోన్ చేశారు. ఇక్కడ బెంచీల నిండా ఆడవాళ్ళు నీళ్ళు తాగేసి కూర్చున్నారు. కడుపు తొలి నెలల్లో ఉంటే మూత్రం నిండుగా పట్టాకే స్కానింగ్ బాగా తెలుస్తుంది కాబట్టి ముందే తాగమంటాం. డాక్టరు రాకపోతే వాళ్ళ అవస్థ వర్ణించలేం. ఒకామె లేస్తుంది, ఒకామె కూర్చుంటుంది, ఇంకొకామె గోడ పట్టుకుని నిలబడుతుంది. వాళ్ళందరినీ ఆపలేక నేను ఓ పక్క. ఆ హడావిడిలో చివరి బెంచీ మీద ఒక అమ్మాయి కనిపించింది. ఒళ్ళో నిండు నీళ్ళ సీసా ఉంది, మూత కూడా తీయలేదు. పక్కనే అత్తగారు.

"తాగలేదేంటమ్మా?" అన్నాను.

అమ్మాయి అత్తగారి వైపు చూసింది. ఆవిడే జవాబిచ్చింది. "స్కానింగ్ పడిందనే కదండీ కడుపు తీయించేసుకుంటున్నాం? మళ్ళీ స్కానింగేంటండీ, మేడంగారూ?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చీటీ లాక్కుని చదివాను. ప్రసూతి వార్డు డాక్టరమ్మగారి చేతిరాత. గర్భం తొలి వారాలు, పొట్టకి సీటీ అయిందని చెబుతున్నారు, తీసేయమని అడుగుతున్నారు, ఎన్ని వారాలో ముందు చూసి చెప్పండి అని ఉంది. నేను ఇద్దరినీ ఖాళీగా ఉన్న ఎక్స్-రే గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాను. ఈసారి అత్తగారిని కూడా లోపలే ఉంచాను.

వాళ్ళది రావులపాలెం పక్క పల్లెటూరు. అమ్మాయి మొగుడు అరటి మార్కెట్లో గెలలు లారీలకెక్కిస్తాడు. ఈ అమ్మాయి ఇంట్లో జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్, పికో కూడా వేస్తుంది. పెళ్ళై చాలా ఏళ్ళైనా పిల్లల్లేరు. పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని నడుము పట్టేస్తే రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు స్కానింగ్ రాశారు, చేయించుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే నెల తప్పిన సంగతి బయటపడింది. లెక్క చూస్తే, స్కానింగ్ నాటికే లోపల బిడ్డ ఉంది.

"ఊళ్ళో ఆర్‌ఎంపీ గారికి చెప్పామండి," అంది అత్తగారు. "పొట్ట మొత్తం పెద్ద మిషన్లోకి తోశారా, అయితే ఉంచకూడదు, అవకరంగా పుడతారు అన్నారండి. గ్రహణం చూసినదానికన్నా ఎక్కువటండి అది."

గ్రహణం మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. ఆవిడ తమ్ముడు పెదవి చీలికతో పుట్టాడట. గ్రహణం వేళ కూరగాయలు తరిగావని వాళ్ళమ్మని జీవితాంతం దెప్పారట. "మా అమ్మ చచ్చిపోయే రోజున కూడా అదే ఏడుపండి. ఈ పిల్లని అలా ఎవరైనా అంటే నేను వినలేనండి," అంది.

గయ్యాళి అత్తగారనుకుని వాదించడానికి సిద్ధమైన నేను చల్లబడ్డాను. అమ్మాయి మాత్రం సీసా మూత తిప్పుతూ, మళ్ళీ బిగిస్తూ కూర్చుంది. "నీకేమనిపిస్తోంది తల్లీ?" అన్నాను. "అందరూ వద్దంటున్నారు కదండీ," అంది. తనకి కావాలో వద్దో మాత్రం చెప్పలేదు.

నిజం చెప్పాలంటే నాక్కూడా భయం వేసింది. చీటీ మీద సీటీ అని రాసుంది. పొట్టకి సీటీ అంటే మామూలు ఛాతీ ఎక్స్-రే లాంటిది కాదు, కిరణాలు తిన్నగా గర్భం మీదే పడతాయి. డాక్టరమ్మగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఒక కాన్పు చేసి చేతులు కడుక్కుంటున్నారు.

"నేను కళ్ళతో చూసింది లేదమ్మా," అన్నారు. "పెద్ద మిషను, పొట్ట దాకా లోపలికి తోశారు, స్కానింగ్ అన్నారు. సీటీ అనుకుని రాశాను. రిపోర్టు తెమ్మంటే ఇంట్లో ఉందన్నారు. మన సార్ వచ్చి చూడందే నేను ఏమీ చెయ్యను."

ఆ మాటకి ఊపిరి పీల్చుకున్నాను. వెనక్కి వచ్చేసరికి అత్తగారు చెప్పులు వేసుకుంటోంది.

"డాక్టరుగారు వచ్చేలా లేరు కదండీ. ఆటో అతను తొందర పెడుతున్నాడు. ఆర్‌ఎంపీ గారు ప్రైవేటులో ఒక చోట చెప్పి ఉంచారండి, అక్కడ ఇన్ని ప్రశ్నలుండవంట," అంది.

ఇదీ నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వని ఘడియ. వాళ్ళు ఆ గుమ్మం దాటితే సాయంత్రానికల్లా పని అయిపోతుంది. ఆపడానికి నాకు ఏ అధికారమూ లేదు. వంతెన మీద లారీ కదలదు. అమ్మాయి మొగుడికి ఫోన్ చేసి రిపోర్టు ఫొటో పంపమని అడుగుదామంటే, లారీకి లోడు ఎక్కేటప్పుడు ఫోన్ ఎత్తడట. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను, తలుపు దగ్గరికి వచ్చాను, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట ఆటో అతను హారను కొడుతున్నాడు. అత్తగారు ద్రాక్షారామం భీమేశ్వరుణ్ణి తలుచుకుంటోంది. నేను మా చర్చిలో చేసే ప్రార్థనలన్నీ కలగాపులగంగా మనసులో చదివేస్తున్నాను.

ఆపడానికి ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాను. "ఆ మిషను ఎలా ఉందమ్మా? భయం వేసిందా?"

అప్పటిదాకా పొడిపొడిగా మాట్లాడిన పిల్ల ఒక్కసారిగా తలెత్తింది. "భయమేంటండీ, ప్రాణం పోయిందనుకోండి. పాడైపోయిన పికో మిషన్లో తలపెట్టినట్టేనండి. టకటకటక అని కాసేపు, ఆగి మళ్ళీ దబదబదబా అని కాసేపు. చెవుల్లో దూది పెట్టారు, అయినా ఆగలేదండి."

నా కాళ్ళు ఆగిపోయాయి. సీటీ అంత గోల చెయ్యదు. నిమిషాల్లో అయిపోతుంది.

"ఎంతసేపుంచారు?"

"చాలాసేపండి. వీపు తిమ్మిరెక్కిపోయింది."

"ఊపిరి బిగబట్టమని మైకులో చెప్పారా?"

"లేదండి, కదలొద్దన్నారంతే."

అత్తగారు గుమ్మంలోంచే అందుకుంది. "చప్పుడు సంగతి వదిలెయ్యండి మేడంగారూ, పుస్తెలతాడు తీయించేశారండి! శుక్రవారం పూటండి! నేను ఏడ్చుకుంటూ పసుపు తాడుకి కొమ్ము కట్టి మెళ్ళో వేసి పంపించేను. చెవులవి, ముక్కుపుడక, అన్నీ తీయించేశారు. ఆఖరికి కాలి మెట్టెలు కూడా వదల్లేదండి. వేళ్ళు వాచిపోయి రాకపోతే సబ్బు రాసి లాగేను."

"మెట్టెలా?"

"ఆయ్, మెట్టెలేనండి. నడుము నొప్పికీ మెట్టెలకీ ఏంటండీ సంబంధం?"

నేను మెట్టెలు పెట్టుకోను. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. అందుకేనేమో ఆవిడ చెప్పేదాకా నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. నడుముకి సీటీ తీసేవాడికి కాలి వేళ్ళతో పనేంటి? ఫొటోలో పడే చోట లోహం ఉంటే తీయిస్తాడు, అంతే. తల నుంచి కాలి దాకా ఒక్క లోహపు ముక్క లేకుండా ఒలిపించేవాడు అయస్కాంతం మిషను వాడే. అది ఎమ్మారై. అందులో ఎక్స్-రే కిరణాలే ఉండవు.

"చేతికి సూది గుచ్చి మందేమైనా ఎక్కించారా?" అని అడిగాను. ఎమ్మారైలో కొందరికి ఫొటో స్పష్టంగా రావడానికి రంగు మందు ఇస్తారు, గర్భంతో ఉన్నవాళ్ళకి అది వీలైనంతవరకు ఇవ్వరు. లేదంది ఆ అమ్మాయి. నేను బయటికి పరిగెత్తి, ఆటో అతన్ని వెళ్ళిపొమ్మని కేకలేశాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. వెళ్ళాడు, అది చాలు.

డాక్టరుగారు చెమటలు కక్కుతూ వచ్చేసరికి నేను మెట్టెల కథంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన బ్యాగు కూడా దించలేదు. "మెట్టెల సాక్ష్యం బాగుంది మేడమ్. కాగితం కూడా చూద్దాం," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నిదానానికైనా హద్దుండాలి కదా. అదృష్టం కొద్దీ లోడు అయిపోయిందేమో, ఆ అబ్బాయే భార్యకి ఫోన్ చేశాడు. ఇంటికి పరిగెత్తి బీరువా మీదున్న కవరు తీసి ఫొటో పంపాడు. ఫోన్ తెరమీద అరటి మచ్చలు పడ్డ అతని బొటనవేలు, దాని పక్కన నడుముకి ఎమ్మారై అన్న అక్షరాలు. రంగు మందు ఇవ్వలేదని కూడా ఉంది.

"చూశారా సార్! సీటీ కాదు కాబట్టి బతికిపోయాం," అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "సీటీ అయినా తీసేయమని నేను చెప్పేవాణ్ణి కాదు మేడమ్. ఏ భాగానికి తీశారు, అప్పటికి ఎన్నో వారం, బిడ్డకి ఎంత డోసు పడింది, లెక్క చూసి మాట్లాడతాం. పొట్టకి ఒకసారి సీటీ తీసిన చాలామందికి కూడా ఉంచుకోమనే చెబుతాం. పేరు విని పిల్లల్ని తీసేస్తే ఎలా?"

నా విజయం అక్కడికక్కడే ఆవిరైపోయింది. చప్పుడు పట్టుకున్నాననీ మెట్టెలు పట్టుకున్నాననీ పొంగిపోయినదాన్ని, అసలు విషయం ఆయన చెబితే గానీ గ్రహించలేదు. ఒకవేళ ఆ అమ్మాయి మెట్టెలు కాలికే ఉండి, అది సీటీయే అయి ఉంటే? నేను కూడా ఆటో ఎక్కించి ఉండేదాన్నా? 

డాక్టరుగారు కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చున్నారు. మిషన్ల తేడా చెప్పారు. ఆవిడ శ్రద్ధగా విని, అన్నిటికీ తలూపి, చివరికి అడిగింది. "అయితే బిడ్డ బాగా పుడుతుందని గ్యారంటీ ఇస్తారా బాబుగారూ?"

ఇవ్వండి సార్, అని నేను మనసులో మొత్తుకుంటున్నాను. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోతుంది?

"ఇవ్వలేనండి," అన్నారాయన. "జన్మలో ఏ స్కానింగూ తీయించుకోనివాళ్ళకి కూడా నేను గ్యారంటీ ఇవ్వలేను. పెదవి చీలిక ఏ కారణం లేకుండా కూడా వస్తుంది. గ్రహణం వల్ల రాదు, ఈ మిషను వల్లా రాదు. ఆ స్కానింగ్ వల్ల ఈ బిడ్డకి హాని జరగదు. అంతవరకే నేను చెప్పగలను."

ఆవిడ ముఖం వాడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్యారంటీ లేకుండా ఎలా ఉంచుకోమంటారండీ అని ఎవరినో అడుగుతున్నట్టు గొణిగింది.  నేను, నమ్మండి, కదలకుండా నిలబడ్డాను.

అప్పుడు సీసా మూత తీసిన చప్పుడైంది. ఆ అమ్మాయి నీళ్ళు తాగుతోంది. ఆపకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది. మూతి తుడుచుకుని, "నేను తీయించుకోనండి. ఎన్ని వారాలో చూడండి," అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "నన్ను ఎవరేమన్నా నేను పడతాను అత్తయ్యా," అంది.

అత్తగారు కోడలి చెంపలు కొంగుతో తుడిచింది. "నిన్ను పడనిస్తానేంటే పిచ్చిదానా," అని ఆ ఖాళీ సీసా తీసుకుని, మళ్ళీ నింపుకురావడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం తెరమీద ఆ చిన్న గుండె కొట్టుకోవడం చూపించారు డాక్టరుగారు. నేను అంతకుముందు లెక్కలేనన్ని చూశాను. ఆ రోజు మాత్రం గోడకేసి తిరిగి ఏడ్చాను. ఆయన చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు.

కథ అక్కడితో అయిపోయిందనుకోకండి. కాన్పయ్యేదాకా వాళ్ళకి నిద్రలేదు, నాకూ లేదు. అత్తగారికి నా నంబరు ఇచ్చాను, ఎందుకిచ్చానా అని తలపట్టుకున్నాను. వాంతులైతే ఫోన్, అవకపోతే ఫోన్. "ఇవాళ అమ్మాయి టీవీలో సైన్సు ప్రోగ్రాం చూసిందండి, పరవాలేదా?" అని ఒకసారి. మధ్యలో అవయవాలన్నీ చూసే స్కానింగ్‌కి వచ్చినప్పుడు ఆవిడ గదిలోకి అడుగుపెట్టీ పెట్టగానే, "ముందు పెదవి చూడండి బాబుగారూ," అంది. బిడ్డ చేయి ముఖానికి అడ్డం పెట్టుకుని తీయలేదు. అమ్మాయిని అటు తిప్పాం, ఇటు తిప్పాం, బయట నడిపించాం. నేను కూడా దానితో పాటు వరండాలో నడిచాను. చివరికి బిడ్డ చేయి తీసింది. పై పెదవి, చిన్న గీతలా, ఎక్కడా తెగకుండా కనిపించింది. అత్తగారు తెర దగ్గరికొచ్చి వేలు పెట్టి తడమబోయింది. డాక్టరుగారు నవ్వుతూ ఆవిడ చేయి పట్టుకుని ఆపారు.

పిల్లలూ, ఆ కేసు తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నది కొద్ది కాలమే. ఆ కొద్ది కాలమూ స్కానింగ్ అన్న ప్రతి మనిషినీ ఏ స్కానింగు, ఎలా ఉంది, ఎంతసేపుంచారు, ఏమేం తీయించారు అని విసిగించాను. ఇప్పుడు బస్సులో పక్క సీటావిడ ఆ మాట అన్నా ఊరుకోను, మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తారు. ఆ ఒక్క మాట చెప్పుకుని, ఏ మిషనో ఎవరూ అడగక, ఆ ప్రైవేటు గుమ్మాలకి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో. అది తలుచుకుంటే కూర్చోబుద్ధి కాదు. సందేహం ఉంటే అడగండి, మీకు తెలియకపోతే తెలిసిన డాక్టరు వచ్చేదాకా ఆ మనిషిని గుమ్మం దాటనివ్వకండి. ఆటో అతను తిట్టుకుంటాడు, తిట్టుకోనివ్వండి.

మొన్న వినాయక నిమజ్జనం ఊరేగింపులోంచి ఆ అత్తగారు ఫోన్ చేసింది. వెనక డప్పులు చెవులు చిల్లులుపడేలా మోగుతున్నాయి.

"మేడంగారూ, వినబడుతోందాండి? ఇంత గోలలోనూ మా మనవడు నా భుజం మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడండి. చప్పుడంటే వీడికి లెక్కే లేదు. కడుపులో ఉండగా ఆ మిషన్లో అలవాటైపోయిందంటారా?"

అప్పటికి వాడికి చెవులే రాలేదమ్మా, అని నోటిదాకా వచ్చింది. ఉద్యోగమంతా ఇలాంటి మాటలు వింటే సరిదిద్దకుండా వదిలినదాన్ని కాదు. ఫోన్ పట్టుకుని హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాను. డప్పుల మధ్య వాడి గురక వినబడుతుందేమోనని చెవి రిక్కించాను.

"అవునమ్మా," అన్నాను. "అలవాటైపోయి ఉంటుంది."